ఇంటి షెడ్డులో తోట బండి – నాలుగో పాఠం: మోటారు కొనే ముందు తాడు కట్టి లాగండి

గత మూడు పాఠాలు అనుసరించినవాళ్ళ దగ్గర ఇప్పుడు ఛాసిస్, మూడు చక్రాలు, హ్యాండిల్, వెనక ఇరుసు మీద డ్రమ్ బ్రేకు ఉన్న బండి ఉంటుంది. తోస్తే కదులుతుంది, బ్రేకు నొక్కితే ఆగుతుంది. బ్రేకు పని మిగిలిపోయినవాళ్ళు దయచేసి ఇక్కడే ఆగి మూడో పాఠం పూర్తి చేసి రండి. ఆగడం రాని బండికి మోటారు పెట్టకూడదు.

ఈ బండి కంచె లోపలి తోట కోసమేనని మొదటి పాఠంలోనే చెప్పుకున్నాం. ప్రహరీ లోపల మాత్రమే వాడే ప్రత్యేక వాహనాలను 1988 మోటారు వాహనాల చట్టం మోటారు వాహనం నిర్వచనం నుంచి మినహాయించింది. గేటు దాటి రోడ్డెక్కితే రిజిస్ట్రేషన్, అనుమతులు అన్నీ కావాలి. పక్క చేనుకు వెళ్ళడానికి నాలుగు అడుగులే కదా అని రోడ్డు మీదికి తేవద్దు.

ఇక అసలు విషయం. మోటారు అనగానే అందరూ ముందు అడిగేది "ఎన్ని వాట్లు కొనాలి?" అని. దానికి ముందు తేలాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. నిండు బరువుతో మీ తోటలోని అతి కష్టమైన చోట బండిని కదిలించాలంటే ఎంత బలంతో లాగాలి? ఈ అంకె చేతికొస్తే మోటారు, స్ప్రాకెట్ (చైను ఎక్కే పళ్ళ చక్రం) పళ్ళు, చైను అన్నీ దాని వెంటే తేలతాయి. ఇది తెలియకుండా ఎంత పెద్ద మోటారు కొన్నా, గట్టు ఎక్కే దగ్గర అది మూలుగుతూ వేడెక్కిపోవచ్చు.

ఈ అంకె కోసం పుస్తకాలు వెతకక్కర్లేదు. బస్తాలు తూచే వేలాడే కాటా ఒకటి, గట్టి తాడు ఒకటి చాలు. బండి మీద బ్యాటరీల బరువు, తోలే మనిషి బరువు, పండ్ల క్రేట్ల బరువు అన్నీ కలిసొచ్చేలా ఇసుక సంచులు వేయండి. మన నమూనా బండికి ఇలా లెక్కేశాను: ఛాసిస్, చక్రాలు 60 కిలోలు, మోటారు సామాను 15, బ్యాటరీలు 40, మనిషి 65, సరుకు 120. మొత్తం 300 కిలోలు. ముందు భాగానికి తాడు కట్టి, మధ్యలో కాటా తగిలించి, చదును నేల మీద ఒకే వేగంతో నెమ్మదిగా లాగండి. కదిలించే క్షణంలో అంకె పైకి లేస్తుంది, తర్వాత ఒక చోట నిలబడుతుంది. నిలబడ్డ అంకె రాసుకోండి. గట్టిపడ్డ మట్టి బాట మీద, తోట చెట్ల మధ్య, నీళ్ళు పెట్టిన మర్నాడు తడి ఆరని చోట, ఇలా మూడు రకాల నేల మీద చూడండి. సిమెంటు నేల మీద ఐదు కిలోల లోపే చూపించే బండి తోట మట్టిలో 15 కిలోలు చూపించడం మామూలే. చెల్క నేలలో పనైపోతుంది గానీ తడిసిన నల్లరేగడిలో చక్రానికి మట్టి అంటుకుని ఈ అంకె విపరీతంగా పెరుగుతుంది. అక్కడ నడిచేలా బండి చేయాలంటే టైర్లే మార్చాలి, మోటారు పెంచి లాభం లేదు.

ఎత్తు మీద మాత్రం ఇలా లాగి చూడొద్దు. తాడు జారితే 300 కిలోలు వెనక్కి వస్తాయి. ఎత్తును కొలిచి లెక్క కడదాం. రెండు మీటర్ల వంకర లేని కర్రను వాలు మీద పెట్టి, దాని మీద రసమట్టం ఉంచి, బుడగ మధ్యకు వచ్చేదాకా కింది కొసను పైకి లేపండి. ఆ కొసకు, నేలకు మధ్య 20 సెంటీమీటర్లుంటే మీ వాలు పదికి ఒకటి. బండి బరువులో పదో వంతు, అంటే 30 కిలోలు, ఆ వాలు ఎక్కడానికే పోతుంది. చదును మీద చూసిన 15 కిలోలు దీనికి కలపండి. మొత్తం 45 కిలోల లాగుడు. చదును నేలతో పోలిస్తే మూడింతలు! తోట బండి లెక్కను చదును నేల చూసి కాకుండా గట్టు చూసి కట్టాలనేది ఇందుకే.

ఈ పాఠం కార్ల చరిత్రలో తొలి దూర ప్రయాణంలోనే బయటపడింది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులతో జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌జైమ్‌కు, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల బండిలో వెళ్ళారు. దూరం వంద కిలోమీటర్ల పైమాటే. చదును దారిలో బండి బాగానే నడిచింది. నిటారు ఎత్తుల దగ్గర మాత్రం దిగి తోయాల్సి వచ్చింది. ఆ అనుభవం తర్వాత ఎత్తు ఎక్కడానికని బండికి ఇంకో గేరు చేరింది. మన బండికి గేర్లు మార్చే ఏర్పాటు ఉండదు. ఉన్న ఒక్క నిష్పత్తితోనే (ఇరుసు ఒక చుట్టు తిరగడానికి మోటారు షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలనే లెక్క) చదునూ నడవాలి, గట్టూ ఎక్కాలి. కాబట్టి ఆ నిష్పత్తిని ఎంచుకోవడమే ఈ పాఠంలో పెద్ద పని.

ముందు చక్రం కొలత. ఈ-రిక్షాలకు వాడే 3.00-12 టైరు తీసుకున్నాం. కొలత టైరు మీద అంకెల నుంచి తీయకండి, బరువు పడితే టైరు కొంచెం అణుగుతుంది. టైరుకు సుద్దతో గీత గీసి, నిండు బరువుతో ఒక్క చుట్టు తిప్పి, నేల మీద ఎంత దూరం నడిచిందో టేపుతో కొలవండి. మన బండికి 1.4 మీటర్లు వచ్చింది. దీన్ని 6.28తో భాగిస్తే 22 సెంటీమీటర్ల పైచిలుకు, అదే పనిచేసే వ్యాసార్థం.

కిలో లాగుడు అంటే 9.81 న్యూటన్లు. 45 కిలోలకు 441 న్యూటన్లు. దాన్ని 0.22 మీటర్లతో గుణిస్తే 97. అంటే గట్టు ఎక్కేటప్పుడు వెనక ఇరుసును 97 న్యూటన్ మీటర్ల టార్క్‌తో, అంటే తిప్పే బలంతో, తిప్పాలి. చదును మీద ఇదే లెక్క 32 వస్తుంది.

ఇప్పుడు మోటారు చూద్దాం. 48 వోల్టులు, 1000 వాట్లు, లోపలే గేర్లుండి బయటి షాఫ్ట్ 500 ఆర్‌పీఎం (నిమిషానికి 500 చుట్లు) తిరిగే మోటారు అనుకోండి. లేబుల్ మీద టార్క్ రాసి ఉండకపోయినా పర్లేదు. వాట్లను 9.55తో గుణించి ఆర్‌పీఎంతో భాగిస్తే చాలు: 9.55 × 1000 ÷ 500 = 19.1 న్యూటన్ మీటర్లు. మోటారు గంటల తరబడి వేడెక్కకుండా ఇవ్వగలిగేది ఇంతే. మనకు కావాల్సింది 97. మిగతాది చైను పళ్ళతో సాధించాలి. చైనులో, బేరింగుల్లో కొంత పోతుంది కాబట్టి నేను పదో వంతు తీసేస్తాను.

మూడింతల నిష్పత్తి పెడితే ఇరుసు దగ్గర 52 వస్తుంది, బండి గంటకు 14 కిలోమీటర్లు వెళ్తుంది. నాలుగింతలు పెడితే 69 న్యూటన్ మీటర్లు, గంటకు 10.5 కిలోమీటర్లు. ఆరింతలు పెడితే 103, కానీ వేగం ఏడు కిలోమీటర్లకు పడిపోతుంది.

కుర్రాళ్ళు మూడింతలే పెడదామంటారు, వేగం బాగుంటుందని. కానీ అప్పుడు గట్టు మీద మోటారు తన శక్తికి 1.87 రెట్లు పని చేయాలి. తీగల్లో వేడి కరెంటుతో సమానంగా పెరగదు, కరెంటు వర్గంతో పెరుగుతుంది. 1.87 రెట్ల కరెంటుకు మూడున్నర రెట్ల వేడి. నాలుగింతల దగ్గర భారం 1.4 రెట్లు, వేడి రెండింతలు. గట్టు పాతిక ముప్ఫై మీటర్లే అయితే అర నిమిషంలో ఎక్కేస్తాం, ఆ కాసేపు మోటారు తట్టుకుంటుంది. చదును మీద సగం శక్తి కూడా వాడదు కాబట్టి తర్వాత చల్లబడటానికి సమయం దొరుకుతుంది. అందుకే నా ఓటు నాలుగింతలకే. మీ తోట పొడవునా ఎత్తే అయితే ఐదింతలకు వెళ్ళండి, లేదా సరుకు తగ్గించండి. కదలకుండా నిలిచిపోయిన మోటారుకు యాక్సిలరేటర్ తిప్పి పట్టుకోవడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. తిరగని మోటారులోకి వెళ్ళిన కరెంటంతా వేడిగానే మారుతుంది.

ఆరింతలు పెట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది షాపులో తట్టదు, బండి కింద పడుకుంటే కనిపిస్తుంది. బైకులకు వాడే 428 రకం చైనులో లింకుకు లింకుకు మధ్య 12.7 మిల్లీమీటర్లు. ముందు 13 పళ్ళు, వెనక 52 పళ్ళు పెడితే నాలుగింతలు. 52 పళ్ళ స్ప్రాకెట్ అడ్డం దాదాపు 21 సెంటీమీటర్లు, దాని కింది అంచుకు నేలకు మధ్య 11 సెంటీమీటర్లు మిగులుతుంది. ఆరింతల కోసం 78 పళ్ళు పెడితే మిగిలేది ఆరు సెంటీమీటర్లే. తోటలో ఒక రాయి చాలు చైను తెంపడానికి.

ముందు పక్క ఇంకా చిన్నది, 9 పళ్ళది, పెడితే సరిపోతుంది కదా అంటే, పళ్ళు తగ్గేకొద్దీ చైను ఒక్కో లింకు దగ్గర ఎక్కువగా వంగాలి, కుదుపు వస్తుంది, తొందరగా అరుగుతుంది. 13 కంటే కిందికి దిగకండి. పైగా చైనులో లింకులు సరిసంఖ్యలో ఉంటాయి, ముందు బేసి పళ్ళుంటే ఒకే పన్ను ఒకే లింకును పదేపదే రాసుకోదు. 52 పళ్ళది రెడీమేడ్‌గా దొరక్కపోతే లేత్ షాపులో చేయించుకోవచ్చు.

మోటారు షాఫ్ట్‌కు, ఇరుసుకు మధ్య 45 సెంటీమీటర్లు ఉంచాం, అంటే 35.4 లింకుల దూరం. చైను పొడవు ఇలా వస్తుంది: ఆ దూరానికి రెండింతలు 70.8. రెండు స్ప్రాకెట్ల పళ్ళు కలిపి సగం 32.5. పళ్ళ తేడా 39ని 6.28తో భాగించి, వర్గం చేసి, 35.4తో భాగిస్తే 1.1. మొత్తం 104.4. పైన వచ్చే సరిసంఖ్య 106. ఆ ఒకటిన్నర లింకు తేడాకు మోటారు సుమారు ఒక సెంటీమీటరు ముందుకు జరగాలి. అందుకే మోటారు ప్లేటుకు గుండ్రటి రంధ్రాలు కాకుండా మూడు సెంటీమీటర్ల పొడవాటి గాళ్ళు కోయించండి. చైను సాగినప్పుడు కూడా అవే ఆదుకుంటాయి.

బిగింపు త్వరగా చెప్తాను. ఇరుసు 30 మిల్లీమీటర్లది, యూసీపీ 206 బేరింగ్ బ్లాకుల్లో తిరుగుతోంది. స్ప్రాకెట్‌ను ఇరుసుకు వెల్డింగ్ చేయొద్దు, 8 మిల్లీమీటర్ల కీ (ఇరుసు గాడిలో కూర్చుని స్ప్రాకెట్‌ను పట్టి ఉంచే ఇనుప ముక్క) వేయించండి, రేపు పళ్ళు మార్చాలంటే విప్పగలగాలి. రెండు స్ప్రాకెట్లూ ఒకే వరసలో ఉన్నాయో లేదో పొడవాటి స్టీలు స్కేలు ఆనించి చూడండి. చైను లాక్ క్లిప్పు మూసి ఉన్న కొస చైను నడిచే దిక్కుకు ఉండాలి. తర్వాత చక్రాలు నేలకు తగలకుండా బండిని స్టాండ్ మీద ఎక్కించి చేత్తో నెమ్మదిగా తిప్పండి. ఒక చోట చైను బిగుతుగా, ఒక చోట వదులుగా తగులుతుంది. బాగా బిగుతైన చోట ఆపి, మధ్యలో వేలితో నొక్కితే 10 నుంచి 15 మిల్లీమీటర్లు కదిలేలా సర్దండి. వదులైన చోట చూసి బిగిస్తే బేరింగులు పాడవుతాయి.

చైను కవర్ లేకుండా మోటారుకు వైరు తగిలించకండి. తోటలో పంచెలు, చీరలు, చున్నీలు వేసుకున్నవాళ్ళే బండి చుట్టూ ఉంటారు. కొంగు స్ప్రాకెట్‌లో పడితే మోటారు ఆగదు. రేకు కవరు పై భాగం, వెనక, రెండు పక్కలా మూసేలా, కింద మట్టి రాలడానికి మాత్రం తెరిచి ఉండేలా చేయించండి. బ్రేకును ఇరుసు మీదే పెట్టమని గట్టిగా చెప్పింది కూడా ఇందుకే గుర్తుంచుకోండి: గట్టు మధ్యలో చైను తెగితే మోటారుకు, చక్రానికి సంబంధం తెగిపోతుంది, అప్పుడు బండిని పట్టి ఉంచేది ఇరుసు బ్రేకొక్కటే.

ఐదో పాఠంలో కంట్రోలర్, బ్యాటరీ, ఫ్యూజు వైరింగ్ మొదలుపెడతాం. దానికి ముందు నాలుగు అంకెలు ఛాసిస్ మీదే పెయింటుతో రాసి ఉంచండి: నిండు బరువు, చదును మీద కాటా చూపిన కిలోలు, మీ తోటలో అతి నిటారు వాలు, చక్రం ఒక చుట్టు నడిచే దూరం. ఫ్యూజు ఎన్ని ఆంపియర్లది కావాలో, వైరు ఎంత మందం ఉండాలో ఆ నాలుగింటి నుంచే లెక్క కడతాం.