జన్యువు రిపోర్టు కంటే ముందు చూడవలసినవి

తమ్ముడి జన్యు పరీక్ష రిపోర్టులో ‘ఎంటీహెచ్ఎఫ్ఆర్ సీ677టీ: టీటీ’ అని చూసి అమ్మ “ఇది మన వంశంలోనే ఉందా?” అని కుంగిపోయింది. నేను తిరుపతిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

తిన్న ఫోలేట్‌ను (ఒక బీ విటమిన్) ఒంటికి పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైముకు సంబంధించిన జన్యువు ఇది. టీటీ, అంటే అమ్మానాన్నల నుంచి వచ్చిన రెండు ప్రతుల్లోనూ మార్పు ఉన్నవారిలో ఆ ఎంజైము దాదాపు 30 శాతమే పనిచేస్తుంది. అందువల్ల రక్తంలో హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం పేరుకోవచ్చు. డిప్రెషన్‌కు ఇదే కారణమా అంటే, సంబంధం కొన్ని పరిశోధనల్లో కనిపించింది, కొన్నింటిలో కనిపించలేదు. టీటీ ఉండి కూడా హాయిగా బతికేవారు ఎందరో. జన్యు పరీక్ష ఇంకా చేయించకపోతే ఆ డబ్బుతో బీ12, ఫోలేట్, హోమోసిస్టీన్ చూపించుకోండి.

హోమోసిస్టీన్‌కు పరగడుపున వెళ్లండి. రక్తం తీసిన ట్యూబును వెంటనే ఐసులో పెట్టి, గంటలోపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా వేరుచేయాలి. ఆలస్యమైతే ఎర్రకణాల నుంచి హోమోసిస్టీన్ ఊరుతూనే ఉంటుంది. తమ్ముడి మొదటి ట్యూబు ఒక కలెక్షన్ సెంటరులో మధ్యాహ్నం దాకా బల్ల మీదే ఉండిపోయింది. ఫలితం లీటరుకు 24 మైక్రోమోల్‌లు. వారం తర్వాత నేనే రక్తం తీసి ఐసులో పెట్టి చేయిస్తే 17. సాధారణంగా 15 దాటితే ఎక్కువే అనుకోవాలి, కానీ 24కూ 17కూ ఎంత తేడా! “ఐసు ఉందా?” అని అడగడానికి మొహమాటపడకండి.

అసలు చిక్కు బీ12లో బయటపడింది. మాది శాకాహార ఇల్లు. తమ్ముడికి మిల్లీలీటరుకు 142 పికోగ్రాములే ఉంది, అది తక్కువ. బీ12 తక్కువగా ఉన్నప్పుడు ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాముల మాత్రలు సొంతంగా మింగితే రక్తహీనత తగ్గినట్టే ఉంటుంది, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటాయి. అందుకే ముందు బీ12 సరిచేయాలి. ఏళ్లుగా షుగరు మందు మెట్‌ఫార్మిన్ వాడేవారూ బీ12 చూపించుకోవాలి.

డిప్రెషన్ మాత్ర మాత్రం ఆపకండి. 2012లో వెలువడిన మందుల ప్రయోగ పరీక్షల్లో మిథైల్‌ఫోలేట్ (ఒళ్లు నేరుగా వాడుకోగల ఫోలేట్ రూపం) 15 మిల్లీగ్రాముల మోతాదు మేలు చేసింది, 7.5 చేయలేదు. అదైనా ఉన్న మందుకు తోడుగా ఇచ్చినప్పుడే. బైపోలార్ (ఒకసారి కుంగిపోవడం, ఒకసారి అతి ఉత్సాహం వచ్చే జబ్బు) ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి.

వంటింట్లో తోటకూర, పాలకూర, పెసలు, అలసందలు, మన చిత్తూరు వేరుశనగ ఉండనే ఉన్నాయి. ఫోలేట్ నీళ్లలోకి దిగిపోతుంది, కాబట్టి ఆకుకూర ఉడికిన నీళ్లు పారబోయకండి. అమ్మ వాటితోనే చారు పెడుతోంది.

చనిపోవాలన్న ఆలోచన వస్తే ఏ రిపోర్టు కోసమూ ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. రాత్రైనా పగలైనా తెలుగులోనే మాట్లాడవచ్చు.