ఓడిన యుద్ధాన్ని చదవడం – 3వ పాఠం: కారణం వెంట వెనక్కి వెళ్లడం

ముందుగా గత పాఠంలో ఇచ్చిన పని సరిచూసుకుందాం. బెల్జియంలోని నీర్‌పెల్ట్ నుంచి నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్ దాకా పటం మీద పెన్సిలుతో గీత గీసి, దానికి అడ్డుపడే పెద్ద నదులూ కాలువలూ గుర్తించమన్నాను. దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తే వరసగా సోన్ దగ్గర విల్హెల్మినా కాలువ, వేఖెల్ దగ్గర జాయిడ్-విల్లెమ్స్ కాలువ, గ్రావె దగ్గర మాస్ నది, ఆ తర్వాత మాస్-వాల్ కాలువ, నైమేఖన్‌లో వాల్ నది, చివర ఆర్న్‌హెమ్‌లో దిగువ రైన్ నది. మొత్తం ఆరు. వేఖెల్ పక్కన పారే చిన్న ఏటిని కూడా కలిపి ఏడు అని రాసినవారికీ పూర్తి మార్కులే. ఫోనులో పటం చూసినవారికి ఒక హెచ్చరిక: ఇప్పుడు కనిపించే విశాలమైన మోటారు మార్గాలు 1944లో లేవు. ఉత్తరానికి వెళ్లడానికి ఉన్నది ఒకే ఒక్క రోడ్డు. చాలాచోట్ల అది పల్లపు పొలాల మధ్య ఎత్తైన గట్టు మీద సాగేది. గట్టు దిగిన ట్యాంకు బురదలో కూరుకుపోతుంది, గట్టు మీదున్న ట్యాంకు మైలు దూరం నుంచి కూడా గురిపెట్టడానికి వీలుగా కనిపిస్తుంది.

ఆ గీత మీద, రెండో ప్రపంచ యుద్ధంలో, జర్మన్ల చేతిలో ఉన్న నెదర్లాండ్స్‌లోకి చొచ్చుకెళ్లడానికి మిత్రరాజ్యాలు చేసినదే ఆపరేషన్ మార్కెట్ గార్డెన్. 1944 సెప్టెంబరు 10న బ్రస్సెల్స్‌లో బ్రిటిష్ సేనాని మాంట్‌గోమరీ ప్రతిపాదనకు మిత్రరాజ్యాల సర్వసేనాని ఐసెన్‌హోవర్ ఒప్పుకున్నాడు. 17వ తేదీన సైన్యం ఆకాశంలోకి లేచింది. సుమారు 35,000 మందిని పారాచూట్లతో, ఇంజను లేని గ్లైడర్ విమానాలతో శత్రువు వెనుక దించి వంతెనలు పట్టుకోవడం 'మార్కెట్'. హోరాక్స్ నడిపే బ్రిటిష్ 30వ కోర్ అనే సైన్య విభాగపు ట్యాంకులు నూరు కిలోమీటర్ల దారిలో ఆ వంతెనలన్నీ దాటి రైన్ అవతలికి చేరడం 'గార్డెన్'. దక్షిణపు వంతెనలు అమెరికా 101వ డివిజన్‌కు, మధ్యలో గ్రావె, నైమేఖన్ 82వ డివిజన్‌కు, అన్నిటికంటే దూరంగా ఉన్న ఆర్న్‌హెమ్ బ్రిటిష్ 1వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌కు అప్పగించారు. ఈ చివరి డివిజన్‌ను రెండు రోజులు నిలబడమన్నారు. నదికి ఆవల దిగినవారు సుమారు పదివేల మంది. 25వ తేదీ రాత్రి చీకట్లో నది దాటి వెనక్కి రాగలిగినవారు రెండువేల పైచిలుకు.

ఎందుకు ఓడిపోయారు అని అడిగితే రేడియోలు పనిచేయలేదని, జర్మన్ ట్యాంకులు అక్కడే ఉన్నాయని, పొగమంచు కమ్మిందని సిద్ధంగా జవాబులు దొరుకుతాయి. మూడూ నిజాలే. కానీ జరిగినవన్నీ వరసగా రాసి 'కారణాలు' అని పేరు పెడితే అది విశ్లేషణ కాదు. ఇవాళ నేర్చుకోబోయే పని దీనికి విరుగుడు. చివరి సంఘటన దగ్గర మొదలుపెట్టి, ప్రతి మెట్టు మీదా 'ఇది ఎందుకు జరిగింది?' అని అడుగుతూ వెనక్కి వెళ్లాలి. ఒక మనిషి ఒక తేదీన తీసుకున్న నిర్ణయం తగిలేదాకా ఆగకూడదు. 'పొగమంచు' దగ్గర ఆగిపోవడం తప్పు. పొగమంచును ఎవరూ ఆపలేరు, కానీ మూడు రోజులు వరసగా ఆకాశం తేటగా ఉంటేనే సాగే పథకాన్ని ఒక మనిషి ఆమోదించాడు. అతనిని పట్టుకోవాలి.

దీనికి ముందు గడియారం కావాలి. కాగితం మీద 17 నుంచి 21 దాకా తేదీలు వేసుకోండి.

17వ తేదీ మధ్యాహ్నం దళాలు దిగాయి. 2:35కు 30వ కోర్ ముందు నడిచే ఐరిష్ గార్డ్స్ ట్యాంకులు కదిలాయి. కదిలిన కొన్ని నిమిషాలకే తొమ్మిది ట్యాంకులు దెబ్బతిన్నాయి. ఐండ్‌హోవెన్ చేరాల్సినవారు ఆ రాత్రి వాల్కెన్స్‌వార్డ్‌లోనే ఆగిపోయారు. అమెరికా సైనికులు దగ్గరికి వస్తుండగానే సోన్ వంతెనను జర్మన్లు పేల్చేశారు. 18 సాయంత్రానికి ట్యాంకులు అక్కడికి చేరాయి. ఇంజనీర్లు రాత్రంతా పనిచేసి, ముక్కలుగా తెచ్చి బిగించే బెయిలీ వంతెన నిలబెట్టారు. 19 తెల్లవారుజామున బళ్లు కాలువ దాటాయి. మధ్యాహ్నానికల్లా నైమేఖన్‌లో ఉన్నాయి.

ఇక్కడ పెన్సిలు ఆపండి. బయల్దేరి ఇంకా రెండు రోజులు నిండలేదు. ఆర్న్‌హెమ్ ఇరవై కిలోమీటర్లలోపే ఉంది. అంటే సోన్‌లో పోయిన సమయం చాలావరకు తిరిగి సంపాదించినట్టే. చాలామంది సోన్ వంతెనను ప్రధాన కారణంగా చెబుతారు. గడియారం ఆ మాట ఒప్పుకోదు. పేల్చేస్తారేమోనని ముందే ఊహించి బెయిలీ సామగ్రి వెంట తెచ్చుకున్నారు, అక్కడ పథకంలో వెసులుబాటు ఉంది. మాస్-వాల్ కాలువ సంగతీ అంతే. దాని మీద చాలా వంతెనలున్నాయి, హ్యూమెన్ దగ్గరది ఒక్కటి చెక్కుచెదరకుండా దొరికింది కాబట్టి పని నడిచింది. వెసులుబాటు లేని చోట్ల మాత్రం లెక్క కఠినంగా ఉంటుంది. ఒక్కో వంతెన దక్కే అవకాశం పదికి తొమ్మిది వంతులు అనుకుందాం, చాలా ఉదారమైన అంచనా. ఆరూ దక్కే అవకాశం తొమ్మిది పదో వంతును ఆరుసార్లు గుణిస్తే వస్తుంది: నూటికి 53. ఇది ఊహ మీద వేసిన లెక్కే, ఎవరి పత్రాల్లోనిదీ కాదు. కానీ 'చివరి వంతెన దక్కకపోతే మిగతావన్నీ వృథా' అనే తరహా పథకం కనబడ్డప్పుడల్లా ఈ గుణకారం చేసి చూడండి.

నైమేఖన్‌లో ట్యాంకులు ఆగిపోయాయి, ఎందుకంటే వాల్ మీది రోడ్డు వంతెన ఇంకా జర్మన్ల చేతిలోనే ఉంది. 20వ తేదీ మధ్యాహ్నం అమెరికా 504వ రెజిమెంటు సైనికులు గుడ్డ పడవల్లో, పట్టపగలు, తుపాకుల ఎదుట నది దాటారు. తెడ్లు చాలక కొందరు తుపాకీ మడమలతో నీళ్లు తోశారు. సాయంత్రానికి వంతెన చిక్కింది. ఆర్న్‌హెమ్ వంతెన ఉత్తరపు కొనను 17 రాత్రి నుంచి బ్రిటిష్ అధికారి ఫ్రాస్ట్ నాయకత్వంలో ఏడువందల పైచిలుకు మంది పట్టుకుని ఉన్నారు. రెండు రోజులు నిలబడమంటే మూడు రోజులు దాటినా నిలబడ్డారు. 21 తెల్లవారేసరికి వారి పోరాటం ముగిసింది. ఆలస్యం అమృతం విషం అనే మాటకు ఇంతకంటే కచ్చితమైన కాలపట్టిక నాకు తెలియదు.

సరే, నైమేఖన్ దగ్గర మొదటి గొలుసు పట్టుకుందాం. ఆ వంతెన మొదటి రోజే ఎందుకు చిక్కలేదు? గేవిన్ తన 82వ డివిజన్‌లో అధిక భాగాన్ని గ్రూస్‌బేక్ ఎత్తుల మీద ఉంచాడు. సాయంత్రం ఒక బెటాలియన్ వంతెన వైపు వెళ్లేసరికి జర్మన్ ఎస్ఎస్ (నాజీ పార్టీ సొంత సైన్యం) దళాలు నగరంలోకి వచ్చేశాయి. ఎత్తుల మీదే ఎందుకు? ముందు ఎత్తులు పట్టుకోవాలని పైఅధికారి బ్రౌనింగ్ ఆదేశం. తూర్పున జర్మన్ సరిహద్దు అడవి ఉంది, అక్కడి నుంచి దాడి వస్తుందని భయం. పైగా మరుసటి రోజు రావాల్సిన గ్లైడర్లు దిగే పొలాలు అటువైపే ఉన్నాయి. ఎత్తులకూ వంతెనకూ సరిపడా మనుషులు ఎందుకు లేరు? డివిజన్ మొత్తం ఒకేసారి రాలేదు కాబట్టి. 19న రావాల్సిన గ్లైడర్ రెజిమెంటు వాతావరణం బాగాలేక 23న దిగింది. ఒకేసారి ఎందుకు రాలేదు? అందరినీ తేవడానికి విమానాలు చాలవు. మొదటి రోజే విమానాలు రెండు విడతలు తిరిగి ఉంటే చాలా తేడా ఉండేది. బ్రిటిష్ వైమానిక అధికారి హోలింగ్‌హర్స్ట్ రెండు విడతలకు సిద్ధమే. అమెరికా రవాణా విమానాల అధిపతి విలియమ్స్ కుదరదన్నాడు: సిబ్బంది అలసిపోతారు, మరమ్మతులకు మనుషులు లేరు, సెప్టెంబరులో పగలు తక్కువ. ఆకాశం నుంచి దిగే సైన్యం మొత్తానికి అధిపతి బ్రెరెటన్ ఆ మాటే ఖాయం చేశాడు. మనిషి దొరికాడు, వారం దొరికింది. ఇక్కడ ఆగవచ్చు.

రెండో గొలుసు ఆర్న్‌హెమ్‌లో. వంతెన దగ్గరికి ఫ్రాస్ట్ బెటాలియన్, కొన్ని చిన్న దళాలు మాత్రమే ఎందుకు చేరాయి? మూడు బెటాలియన్లు మూడు దారుల్లో బయల్దేరాయి. నది ఒడ్డు వెంట వెళ్లిన ఫ్రాస్ట్ జారుకుని వెళ్లగలిగాడు, మిగతా రెండింటినీ క్రాఫ్ట్ అనే జర్మన్ అధికారి కింద శిక్షణలో ఉన్న బెటాలియన్ మొదట అడ్డుకుంది. ఆ వెనకే జర్మన్లు అడ్డుగోడలా ఒక వరస నిలబెట్టారు. అంత వ్యవధి వారికి ఎలా చిక్కింది? దళాలు దిగింది వంతెనకు పది నుంచి పదమూడు కిలోమీటర్ల పడమర. అక్కడి నుంచి నడక. అంత దూరంలో ఎందుకు దించారు? నగరం దగ్గర, డీలెన్ విమానాశ్రయం దగ్గర విమానవిధ్వంసక తుపాకులు ఎక్కువని వైమానిక అధికారులు భయపడ్డారు. వంతెనకు దక్షిణాన ఉన్న పొలాలు మెత్తగా ఉంటాయని, గ్లైడర్లకు పనికిరావని కూడా అన్నారు. కానీ అదే పథకంలో పోలిష్ బ్రిగేడును మూడో రోజు దించాలనుకున్నది సరిగ్గా ఆ దక్షిణపు పొలాల్లోనే! అప్పటికి వంతెన మన చేతికి వచ్చి తుపాకులు మూగబోతాయని వారి వాదన. ఎవరి పథకమైనా చదివేటప్పుడు ఇలాంటి చోట గుండ్రంగా గీత గీయండి. మూడో రోజుకు పనికొచ్చే చోటు మొదటి రోజు పారాచూట్ దళానికైనా ఎందుకు పనికిరాదని గట్టిగా అడిగి ఉండాల్సింది.

రేడియోల మాటా ఈ దూరంలోనే ఉంది. చెట్లు, ఇళ్ల మధ్య కొద్ది కిలోమీటర్లకు మించి అందని సెట్లతో అంతకు రెండింతలు పరుచుకున్న డివిజన్‌ను నడపాలని చూశారు. బెటాలియన్లు ఎక్కడున్నాయో తెలియక డివిజన్ అధిపతి ఉర్కహార్ట్ స్వయంగా వెతకడానికి వెళ్లి, వీధుల్లో జర్మన్ల మధ్య చిక్కుకుని, 19 ఉదయం దాకా ఒక ఇంటి అటక మీద దాక్కోవాల్సి వచ్చింది. ఆ సమయంలో ఆయన బదులు ఆదేశాలు ఎవరివన్న విషయం మీద ఇద్దరు బ్రిగేడియర్లు, హిక్స్, హ్యాకెట్, వాదులాడుకున్నారు.

అంతేకాదు. మొదటి రోజు దిగిన సైన్యంలో ఒక బ్రిగేడు పొలాల్లోనే కాపలా కాస్తూ ఉండిపోయింది, రెండో విడత దిగాలి గనుక. ఆ రెండో విడత 18 ఉదయం రావాలి. ఇంగ్లండులో పొగమంచు వల్ల మధ్యాహ్నానికి వచ్చింది. అందులో ఉన్న 156వ పారాచూట్ బెటాలియన్ గురించి ఒక పక్కమాట: అది 1941లో ఢిల్లీలో, భారతదేశంలో కొలువున్న బ్రిటిష్ సైనికులతో ఏర్పడిన దళం. దిగిన చోటికీ వంతెనకూ మధ్య అడవిలో అప్పటికే గట్టిపడిన జర్మన్ వరసకు తగిలి అది ఛిన్నాభిన్నమైంది. మళ్లీ ఎక్కడికి వచ్చాం? రోజుకు ఒకే విడత అన్న నిర్ణయం దగ్గరికే. రెండు గొలుసుల కొసలూ ఇంగ్లండులో ఆ ఒక్క వారంలో జరిగిన సమావేశాల దగ్గరే కలుస్తున్నాయి. నా అభిప్రాయంలో జర్మన్ల మొదటి తూటా పేలకముందే ఆర్న్‌హెమ్ సగం చేజారింది.

మరి జర్మన్ ట్యాంకులు? ఇక్కడ కాగితాన్ని నిలువుగా రెండుగా విభజించండి. ఎడమవైపు సెప్టెంబరు 16 రాత్రికి తెలిసినవి, కుడివైపు ఆ తర్వాత తెలిసినవి. ఈ అలవాటు లేకపోతే చరిత్ర చదువరి ప్రతిదీ 'ముందే తెలిసి ఉండాల్సింది' అంటాడు. ఆర్న్‌హెమ్ చుట్టుపక్కల 9, 10 ఎస్ఎస్ పాంజర్ (ట్యాంకు) డివిజన్లు ఉన్నాయన్న సంగతి విప్పిన జర్మన్ రహస్య సంకేతాల ద్వారా, డచ్ ప్రతిఘటన దళాల ద్వారా ముందే అందింది. అది ఎడమవైపు. బ్రియాన్ ఉర్కహార్ట్ అనే యువ గూఢచార అధికారి (డివిజన్ అధిపతికి బంధువు కాదు) ఈ విషయం పట్టుబట్టి చెప్పి, అలసిపోయావంటూ సెలవు మీద పంపేయబడ్డాడు. అదీ ఎడమవైపే. కానీ ఆ డివిజన్లు నార్మండీలో నలిగి వచ్చినవి, చేతిలో ట్యాంకులు కొద్దిగానే ఉన్నాయి. భారీ టైగర్ ట్యాంకులు జర్మనీ నుంచి తర్వాత వచ్చాయి. ఆ రెండు డివిజన్ల అధిపతి బిట్రిఖ్ కొద్ది గంటల్లోనే ఒక డివిజన్‌ను ఆర్న్‌హెమ్‌కు, మరొకదాన్ని నైమేఖన్‌కు మళ్లించగలగడం కుడివైపు రాయండి. శత్రువు ఎంత ఉన్నాడన్నది కొంత తెలుసు, ఎంత త్వరగా కదులుతాడన్నది ఎవరూ అడగలేదు.

ఇక జ్ఞాపకాల గ్రంథాల విషయంలో జాగ్రత్త. యుద్ధం తర్వాత ప్రతి సేనాని రాతలోనూ తప్పు మరొకరిదే. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం! మాంట్‌గోమరీ ఇది నూటికి తొంభై పాళ్లు విజయమని చెప్పుకున్నాడు. కిలోమీటర్లు కొలిస్తే అలాగే వస్తుంది మరి. పథకాన్ని మొదటి నుంచీ ప్రశ్నించిన పోలిష్ బ్రిగేడియర్ సొసబోవ్‌స్కీ మీద నింద వేసి, అదే ఏడాది డిసెంబరులో ఆయనను పదవి నుంచి తప్పించారు. ఆయన దళం పొగమంచు వల్ల 21న, అదీ ముందు అనుకున్న చోట కాకుండా నదికి ఈవల డ్రీల్ దగ్గర దిగింది. అప్పటికి అక్కడి రేవు పడవ కూడా చేజారింది. పై రెండు గొలుసుల్లో ఆయన పేరు ఎక్కడా తగలలేదని గమనించే ఉంటారు.

ఈ పాఠానికి అభ్యాసం. 1945 మార్చి 24న మిత్రరాజ్యాలు మళ్లీ రైన్ దాటాయి, జర్మనీలోని వేసెల్ దగ్గర. అందులో ఆకాశం నుంచి దించిన భాగం పేరు ఆపరేషన్ వార్సిటీ. ఈసారి రెండు డివిజన్లను ఒకే విడతలో, లక్ష్యాల మీదే, భూసైన్యం నది దాటడం మొదలుపెట్టాక దించారు. లక్ష్యాలు కొన్ని గంటల్లోనే చిక్కాయి, కానీ ఒక్క రోజులో రెండువేల మందికి పైగా చనిపోయారు లేదా గాయపడ్డారు. పైన మనం పట్టుకున్న నిర్ణయాల్లో వేటిని మార్చారో, ఆ మార్పుకు ఏ ధర చెల్లించారో ఒక పేజీలో రాయండి. పటం, గడియారం రెండూ ఉండాలి. నాలుగో పాఠంలో మీ పేజీతో పాటు 1941 నాటి క్రీట్ దీవిని తీసుకుందాం. అక్కడ ఆకాశం నుంచి దిగినవారు జర్మన్లు, గెలిచినవారూ వారే.