బోనాల ముందు మందు మాన్పించే గోలీ జాగ్రత్తలు

ఆషాఢం వచ్చిందంటే మా మెడికల్ షాపులో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. రద్దీ తగ్గేదాకా పక్కన నిలబడి, గొంతు తగ్గించి, "అన్నా, కూరల కలిపితే తెల్వదట గదా, ఆ గోలీ ఇయ్యి" అంటారు. ఆ గోలీ తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్. డాక్టర్ చీటీ లేనిదే ఇవ్వం. చీటీ ఉన్నా కూరలో కలపడానికైతే అసలే ఇవ్వం.

తాగుడు మీద ఏవగింపు పుట్టించడానికి ఒకప్పుడు వాంతి మందులు, కరెంటు షాకులు కూడా వాడారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఈ గోలీయే. ఇది తాగాలన్న కోరికను పోగొట్టదు, తాగితే ఏమవుతుందోనన్న భయం పెడుతుంది. మద్యం ఒంట్లో అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుతుంది. అది విరిగిపోకుండా గోలీ అడ్డుపడుతుంది. కాసేపట్లోనే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులు మొదలవుతాయి. బీపీ పడిపోతుంది. గుండె జబ్బుంటే ప్రాణం మీదికే రావచ్చు. తెలిసి వేసుకున్నవాడు గ్లాసు ముట్టడానికి జంకుతాడు. కూరలో తిన్నవాడికి ఏం తెలుసు? బోనాల ఊరేగింపులో ఫలహారం బండి వెనకాల క్వార్టర్ ఎత్తేస్తాడు.

రోజూ గట్టిగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు. అందుకే ముందు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలోనో మరో డీఅడిక్షన్ సెంటర్‌లోనో చూపించాలి. ఎటూ తోచకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. లివర్ టెస్టు అయ్యాక, చివరి చుక్క పడి కనీసం 12 గంటలు గడిచాకే గోలీ మొదలుపెట్టాలి.

"కల్లు మందెట్లయితది?" అని అడుగుతారు. అవుతుంది. అమ్మవారికి సాక పోసిన కల్లు ఒక్క గుక్కైనా వద్దు. కొన్ని దగ్గు సిరప్‌లలో, హోమియో చుక్కల్లో కూడా ఆల్కహాల్ ఉంటుంది. పండగ మటన్ పడక లూజ్ మోషన్లయితే ఇంట్లో ఉన్న మెట్రోనిడజోల్ వేసేయకండి. ఈ గోలీతో కలిస్తే మతి చెదరవచ్చు.

లష్కర్ (సికింద్రాబాద్) బోనాలనాడు గోలీ ఆపి, లాల్ దర్వాజా బోనాలకు తాగొచ్చని లెక్కలేసేవాళ్లూ ఉన్నారు. ఆ రెంటికీ మధ్య వారమే. గోలీ ప్రభావం 14 రోజులదాకా ఉండొచ్చు.

గోలీ మీద తాగి ఎవరికైనా వాంతులు, గుండెదడ మొదలైతే మజ్జిగ, నిమ్మరసం అంటూ కూర్చోకండి. 108కి ఫోన్ చేసి, గోలీ స్ట్రిప్ జేబులో పెట్టుకుని బయల్దేరండి. ఏం మింగాడని డాక్టర్ ముందు అదే అడుగుతాడు.