ఆ ఊళ్లో లేకుండా ఆ ఊరి రేడియోలో మాట్లాడటం ఎలా?

ఆర్జే కూర్చున్నది ఒక ఊళ్లో, గొంతు వినపడేది మూడొందల కిలోమీటర్ల అవతల ఇంకో ఊళ్లో. రేడియోలో ఇది ఇప్పుడు మామూలే. ముందుగా రికార్డు చేసిన మాటల్ని కంప్యూటరే పాటల మధ్య పేర్చి వినిపిస్తుంది. దీన్ని వాయిస్ ట్రాకింగ్ అంటారు. అమెరికాలో 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చి, ఒక సంస్థ దేశమంతటా ఎన్ని రేడియో స్టేషన్లు పెట్టుకోవచ్చన్న పరిమితి ఎత్తేశాక ఈ పద్ధతి బాగా ఊపందుకుంది. నాలుగు గంటల షోని గంటలోపే రికార్డు చేసేయొచ్చు. అందుకే ఒకే మనిషి నాలుగైదు ఊళ్లకు మాట్లాడుతుంటాడు.

నేనూ ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్నాను. కొత్తవాళ్లు చేసే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే. ఊరి పేరు ఎన్నిసార్లు పలికితే అంత లోకల్‌గా ఉంటుందనుకుంటారు. ఒక మనిషి తన ఊళ్లో ఉండి రోజుకి ఎన్నిసార్లు ఆ ఊరి పేరు ఎత్తుతాడో గమనించండి. చాలా రోజులు ఒక్కసారి కూడా ఎత్తడు. ఊరి పేరు ఊరికే పలవరించేది చుట్టపుచూపుగా వచ్చినవాడే. పైగా మీరు సరిగ్గా చెప్పిన పది మాటలు ఎవరికీ గుర్తుండవు. తప్పు చెప్పిన ఒక్క మాట దగ్గర మాత్రం ఊరంతా చెవులు రిక్కిస్తుంది. కాబట్టి మాటలు చేర్చడం తర్వాత, ముందు తప్పులు దొర్లకుండా చూసుకోవాలి.

సామాను

ఒక డైనమిక్ మైకు, హెడ్‌ఫోన్లు, ప్రతిధ్వని లేని గది. గది లేకపోతే బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు కూర్చోండి, చాలు. మైకుకి నోటికి మధ్య జానెడు దూరం. లింక్ అంటే రెండు పాటల మధ్య మనం చెప్పే మాట. మొదటి లింక్ నుంచి చివరి లింక్ దాకా ఆ దూరం మారకూడదు. కండెన్సర్ మైకు కొనకండి, వీధిలో కుక్క అరిస్తే అది కూడా షోలోకి వస్తుంది. సామాను గురించి ఇంతకంటే ఆలోచించడం టైమ్ వేస్టు.

1. లాగ్ తెరిచి పాటలు వినండి

లాగ్ అంటే షోలో పాటలు, లింకులు ఏ వరసలో రావాలో చెప్పే జాబితా. ముందు పాట చివరి పది పదిహేను సెకన్లు, తర్వాతి పాట ఇంట్రో విని, ఆ రెండిటి మధ్య మాట్లాడండి. గాయకుడి గొంతు మొదలయ్యేలోపు మీ మాట అయిపోవాలి. పాట వినకుండా వరసగా ఇరవై లింకులు చదివేసి పంపేవాళ్లున్నారు. విషాద గీతం అయిపోగానే అతను హుషారుగా కేక వేస్తాడు. అతను ఊళ్లోనే కాదు, స్టూడియోలోనే లేడని అందరికీ తెలిసిపోతుంది. ఒక లింక్ ఇరవై సెకన్లు దాటకూడదు. ఇది నా లెక్క. ముప్పై అనేవాళ్లూ ఉన్నారు, వాళ్ల షోలు నేను వినను.

2. మీ కిటికీకి కర్టెన్ వేయండి

మీరు మధ్యాహ్నం రికార్డు చేసింది సాయంత్రం వినపడుతుంది. మీ కిటికీలో కనపడేది ఇంకో ఊరి ఆకాశం. "బయట చీకటి పడింది" అన్న చిన్న మాటే తీసుకోండి. ఒక్క డిగ్రీ రేఖాంశం తేడా ఉంటే సూర్యాస్తమయం నాలుగు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. మీ స్టేషన్ మీకు ఐదు డిగ్రీలు పడమటన ఉంటే, మీ దగ్గర చీకటి పడ్డాక కూడా అక్కడ ఇంకో ఇరవై నిమిషాలు వెలుతురు ఉంటుంది. ఆ వెలుతుర్లో స్కూటర్ నడుపుతున్న మనిషికి మీరు చీకటి పడిందని చెబుతున్నారన్నమాట. సూర్యాస్తమయం టైమ్ ఆ ఊరిది చూసుకోండి. వాన గురించి అయితే "పడొచ్చన్నారు" అనండి, "పడుతోంది" అనొద్దు.

3. పేర్లు

షో నిలబడేదీ కూలిపోయేదీ ఇక్కడే. మిగతా మెట్లన్నీ కలిపి ఎంత టైమ్ పడుతుందో, దీనికి ఒక్కదానికే అంత పెట్టండి.

మొదటి చిక్కు పలకడంలో ఉంది. రాసినదాన్ని బట్టి ఊరి పేరు పలకడం చాలాచోట్ల కుదరదు. ఇంగ్లిషులో ఒకే స్పెల్లింగ్ ఉన్న పేరుని టెక్సస్‌లో ఊరికైతే హ్యూస్టన్ అంటారు, న్యూయార్క్‌లో వీధికైతే హౌస్టన్ అంటారు. పెరూ రాజధాని లీమా, ఒహాయోలో అదే స్పెల్లింగ్ ఉన్న ఊరు లైమా. ఇంగ్లండ్‌లో రెడింగ్ అనే ఊరి పేరు చూడటానికి అచ్చం రీడింగ్ లాగే ఉంటుంది. ఈ బాధ పడలేకే బీబీసీ 1926లో ఉచ్చారణ కోసం ఒక సలహా సంఘం పెట్టుకుంది. 1930లో ఇంగ్లండ్ ఊర్ల పేర్లు ఎలా పలకాలో చెబుతూ ఆ సంఘం తరఫున ఒక పుస్తకమే వచ్చింది.

మనకి లిపి ఉన్నది ఉన్నట్టు పలికే లిపే కదా, ఆ బాధ లేదనుకుంటారు. కానీ స్టేషన్ నుంచి మీకు వచ్చే కాగితం ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటుంది. కె, ఓ, టి, ఎ అని ఉంటే అది కోటా? కోతా? డి అని ఉన్నచోట డ పలకాలా, ద పలకాలా? అచ్చు పొడుగా, పొట్టా? మ్యాపులో తెలుగులో కనపడే పేర్లు కూడా చాలాసార్లు ఇంగ్లిషు నుంచి యంత్రం తిప్పి రాసినవే. వాటిని నమ్మి దెబ్బతిన్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

రెండో చిక్కు దీనికంటే పెద్దది. సరిగ్గా పలికినా అది ఆ ఊళ్లో వాడే పేరు కాకపోవచ్చు. ఒకసారి ట్రాఫిక్ గురించి చెబుతూ ఒక కూడలి పేరు బోర్డు మీద ఉన్నట్టే, ఒక నాయకుడి పూర్తి పేరుతో సహా, గౌరవంగా చదివాను. ఆ కూడలిని ఊళ్లో అందరూ పిలిచేది ఎప్పుడో కూల్చేసిన ఒక సినిమా హాలు పేరుతో. ఒక పెద్దాయన స్టేషన్‌కి ఫోన్ చేసి, తిట్టలేదు, ఒక్క ప్రశ్న అడిగాడట: "ఏమ్మా, ఆ అబ్బాయి ఎక్కడ కూర్చుని మాట్లాడుతున్నాడు?"

దానికి నాకు రోషం వచ్చి మర్నాడు షోలో ఆ సినిమా హాలు పేరు నాలుగుసార్లు వాడాను. అది ఇంకా ఘోరం. "హాలు మళ్లీ కట్టారా ఏంటి?" అని మేనేజరు అడిగాడు. షో మొత్తానికి అలాంటి పేరు ఒకటి చాలు.

కూడలి అన్న మాట కూడా కాగితం మీదిదే. ఒకచోట చౌరస్తా, ఇంకోచోట సెంటర్, మరోచోట సర్కిల్, వేరేచోట జంక్షన్. పేరు సరిగ్గా చెప్పి, వెనకాల చౌరస్తా అనాల్సిన చోట సెంటర్ అన్నారంటే పేరు తప్పు చెప్పినట్టే.

అందుకని ఇలా చేయండి. ఊరికి ఇరవై పేర్ల జాబితా రాసుకోండి. అంతకంటే వద్దు. రోజంతా ఆ ఊళ్లో తిరిగే మనిషిని, ఆటో నడిపేవాళ్లనో పార్శిళ్లు పంచేవాళ్లనో పట్టుకుని ఫోన్ చేయండి. "ఈ పేరు ఎలా పలుకుతారండీ?" అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే మర్యాదస్తులు గొంతు సవరించుకుని, అక్షరం అక్షరం విడదీసి, బోర్డు మీద ఉన్నట్టే చెబుతారు. ఇంటికి వెళ్లాక వాళ్లూ అలా పలకరు. "రైల్వే స్టేషన్ నుంచి పెద్దాసుపత్రికి ఎలా వెళ్లాలండీ?" అని అడిగి నోరు మూసుకోండి. వాళ్లు దారి చెప్పుకుంటూ పోతారు. నాలుగక్షరాల పేరు నోట్లో నలిగి రెండక్షరాలై వస్తుంది, చివరి పురమో పట్నమో ఎగిరిపోతుంది. విన్నది విన్నట్టు తెలుగులోనే రాసుకోండి. ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నారంటే మళ్లీ మొదటికి వచ్చినట్టే.

తర్వాత ఇంకొకరికి చేయండి. మొదటాయన అరవై ఏళ్లవాడైతే రెండోవాడు కాలేజీ కుర్రాడు కావాలి. ఇద్దరూ ఒకే పేరు చెబితే నిశ్చింతగా వాడుకోండి. చెరో పేరు చెబితే ఆ చోటు జోలికే పోకండి, ఇంకో గుర్తు వెతుక్కోండి.

మూడో చిక్కు ఎవరూ చెప్పరు. మనం ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నామో తెలుగు క్రియలే బయటపెట్టేస్తాయి. "ఊళ్లోకి వెళ్లే లారీలు ఆగిపోయాయి" అన్నారంటే మీరు ఊరి బయట ఉన్నట్టే. లోపలున్నవాడు "ఊళ్లోకి వచ్చే లారీలు" అంటాడు. "వంతెన అవతల" అంటే ఎవరికి అవతల? సగం ఊరికి అది ఇవతల. "వంతెన దాటాక బస్టాండ్ వైపు" అని గుర్తుతో చెప్పండి. రాసిన ప్రతి లింకులోనూ వచ్చు, వెళ్లు, ఇక్కడ, అక్కడ అనే నాలుగు మాటల కింద గీత గీసి, వినేవాడి పక్కన కూర్చుని చూస్తే అవి సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. నేను ఇప్పటికీ ఎర్ర పెన్నుతో గీస్తాను.

"మరి నేను లేని ఊళ్లో ఉన్నట్టు మాట్లాడటం అబద్ధం కాదా?" అని అడుగుతారు. "నేనిప్పుడు బస్టాండ్ దగ్గరే ఉన్నాను" అంటే అబద్ధమే, అది ఎప్పుడూ అనొద్దు. వినేవాడి వైపు నుంచి దారి చెప్పడం మాత్రం మర్యాద.

ఇక యాస. దయచేసి యాస పెట్టొద్దు. పుట్టి పెరిగినవాళ్ల యాసను మూడు రోజుల్లో నేర్చుకుని పలికితే అది వెక్కిరింపులా వినపడుతుంది. మీ మాట మీలాగే ఉండనివ్వండి. ఎక్కడి నుంచో వచ్చి స్థిరపడిన మనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు, వినేవాళ్లు మిమ్మల్ని అలా సర్దుకుంటారు. కానీ స్థిరపడినవాడు కూడా వీధుల పేర్లు తప్పు పలకడు.

అడ్డదారి పద్ధతి ఒకటుంది. దాని మీద నా కోపం ఎన్నేళ్లయినా తగ్గలేదు. ఒకే లింక్ రికార్డు చేసి, ఊరి పేరు దగ్గర ఖాళీ వదిలి, పది ఊర్ల పేర్లు విడిగా పలికి అతికించడం. ఇంగ్లిషులో ఎలా ఉంటుందో గానీ తెలుగులో మాత్రం ఇది అతకదు. పల్లి అయితే పల్లికి, ఊరు అయితే ఊరికి, పురం అయితే పురానికి. పేరు చివర మారిపోతుంటే ఒకే ఖాళీలో ఎలా పడుతుంది? పడదు కాబట్టి, ఆ పద్ధతివాళ్లు విభక్తి అక్కర్లేని వాక్యం వెతుక్కుని "ఫలానాపురం ప్రజలారా" అంటారు. అలా పిలిచేది ఎన్నికల మైకు ఒక్కటే. పైగా విడిగా పలికిన పేరు చివర గొంతు కిందికి దిగుతుంది. వాక్యం మధ్యలో అది దిగకూడదు. అతుకు ఎక్కడుందో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. ఐదు ఊళ్లుంటే ఐదుసార్లు రికార్డు చేయండి. బద్ధకిస్తే ఊరి పేరు లేకుండా ఒక్కసారి చేయండి. అతికించడం మాత్రం వద్దు.

4. ఊళ్లో ఒక మనిషి మెలకువగా ఉండాలి

2002 జనవరి 18న తెల్లవారకముందే అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రంలో, మైనాట్ అనే ఊరి దగ్గర గూడ్సు రైలు పట్టాలు తప్పి, అమోనియా మేఘం ఊరి మీదికి వచ్చింది. ఒకరు చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. రేడియోలో హెచ్చరిక చెప్పించాలని అధికారులు స్థానిక స్టేషన్‌కి ఫోన్ చేస్తే వెంటనే మనిషి దొరకలేదు. తప్పు ఎవరిదన్న వాదన ఆ తర్వాత చాలాకాలం నడిచింది. మీ షో వినపడుతున్న వేళ ఆటోమేషన్‌ని, అంటే షో నడిపే ఆ కంప్యూటర్‌ని, ఆపగలిగే మనిషి ఎవరు, నంబరేంటి అని ముందే అడిగి రాసుకోండి. "ఎవరో ఒకరుంటారు" అన్న జవాబు వస్తే షో ఒప్పుకోకండి.

5. వినిపించి, తేదీ వేసి పంపండి

రికార్డు అయ్యాక పేర్లున్న లింకులు మాత్రం ఆ ఊరి మనిషికి ఫోన్‌లో వినిపించండి. "ఎలా ఉంది?" అని అడిగితే బాగుందంటారు. అడగకుండా వాళ్లు ఎక్కడ నవ్వారో చూసి, ఆ మాట మార్చి మళ్లీ రికార్డు చేయండి.

ప్రతి ఫైలుకీ ఆటోమేషన్‌లో గడువు తేదీ వేయండి. వేయకపోతే పాత లింక్ ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ లాగ్‌లోకి వస్తుంది. నావి రెండు అలా తప్పించుకున్నాయి. ఒకటి వాన జాగ్రత్తలు, ఎండాకాలంలో వినపడ్డాయి. రెండోది కొత్త సంవత్సరం శుభాకాంక్షలు, ఫిబ్రవరి రెండో వారంలో.