సగం గుర్తున్న సంస్కృతంతో పాత మిత్రుల దగ్గర సరదాగా మాట్లాడటం ఎలా?

ఇంటర్‌లో రెండో భాషగా సంస్కృతం తీసుకున్నవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ చాలామంది. మార్కుల కోసమే తీసుకున్నా, పాత క్లాస్‌మేట్లు కలిస్తే ఎవరో ఒకరు ‘రామః రామౌ రామాః’ అని అందుకుంటారు. రెండో విభక్తి దాటాక గొంతులు తగ్గిపోతాయి. అక్కడితో ఆపేయకుండా, ఎవర్నీ చిన్నబుచ్చకుండా కబుర్లు సాగాలంటే ఇలా చేయండి.

1. వెళ్లేముందు రామ శబ్దం, అంటే ‘రామ’ అనే పదం ఒక్కో విభక్తిలో, మూడు వచనాల్లో ఎలా మారుతుందో చెప్పే పట్టిక, ఒకసారి తిరగేయండి. సంబోధనతో కలిపి 24 రూపాలని టెన్షన్ వద్దు. రామౌ, రామాభ్యామ్ మూడేసి చోట్ల వస్తాయి. రామాః, రామేభ్యః, రామయోః రెండేసి చోట్ల వస్తాయి. అంటే నిజంగా గుర్తుంచుకోవాల్సినవి 17 మాత్రమే.

2. ఏకవచనం మరిచిపోతే రామరక్షా స్తోత్రంలో ‘రామో రాజమణిః సదా విజయతే’ అనే శ్లోకం చదవండి. ప్రథమ నుంచి ‘భో రామ’ అనే సంబోధన దాకా ఎనిమిది విభక్తులూ అందులో వరసగా ఉన్నాయి. ‘రామాన్నాస్తి’ దగ్గర మాత్రం సంధి విడదీస్తేనే పంచమి, అంటే ‘రామాత్’, కనిపిస్తుంది. సంస్కృతం చదవకపోయినా ఇంట్లో ఈ శ్లోకం విన్నవాళ్లు కూడా మీతో గొంతు కలపగలరు. అందుకే నాకిది అన్నిటికన్నా ఇష్టం.

3. మిత్రుడు తడబడితే ఏం చేయాలన్నదే అసలు విషయం. 11వ శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో సాతవాహన రాజు కథ ఉంది. జలక్రీడలో నీళ్లు చల్లుతుంటే రాణి ‘మోదకైః’ అంది. ‘మా ఉదకైః’, నీళ్లతో కొట్టొద్దని ఆమె భావం. రాజు మాత్రం మోదకాలు అడిగిందనుకుని లడ్డూలు తెప్పించాడు. రాణి అందరి ముందూ నవ్వేసరికి ఆయన సిగ్గుతో మంచం పట్టాడు. రాజుకు ఆరేళ్లలో వ్యాకరణం నేర్పుతానని ఆయన కొలువులోని గుణాఢ్యుడు, ఆరు నెలలు చాలని అక్కడే ఉన్న శర్వవర్మ పందెం కట్టుకునేదాకా వెళ్లింది. చిన్న తప్పుకు అందరి ముందూ నవ్వితే మనిషి ఎంత కుంగిపోతాడో చూడండి.

కాబట్టి మూడో విభక్తి ఏకవచనం దగ్గర అవతలివాళ్లు ‘రామేన’ అంటే వెంటనే ‘తప్పు’ అనకండి. మీ వంతు వచ్చాక ‘రామేణ’ అని చెప్పి, “దేవేనలో ‘న’ ఉంది కదరా, ఇక్కడ ‘ణ’ ఎందుకొచ్చిందో గుర్తుందా?” అని అడగండి. ముందున్న రకారం వల్ల న కాస్తా ణ అయిందని వాళ్లకే తట్టొచ్చు. కాసేపు ఆగండి, తొందరపడి మీరే చెప్పేయొద్దు.

4. ఎటూ తేలకపోతే వాదన పెంచకండి. ఇంటికెళ్లి, ఇలాంటి పట్టికలుండే శబ్దమంజరి పుస్తకం తీసి, ఆ పేజీ ఫొటో గ్రూపులో పెట్టండి. ఈసారి కలిసినప్పుడు రమా శబ్దం అప్పజెప్పుకుందామని కూడా అప్పుడే అనుకోండి.