మానసిక అత్యవసరంలో క్యాజువాలిటీకి: తోడు వెళ్లేవాళ్లు చూసుకోవాల్సినవి

ఏదో మింగిన అనుమానం, జ్వరం, ఫిట్స్, తలకు దెబ్బ, మగత: వీటిలో ఒక్కటున్నా ఎర్రగడ్డ (హైదరాబాద్), చినవాల్తేరు (విశాఖ) మానసిక వైద్యశాలలకు పరుగెత్తకండి. ముందు దగ్గర్లోని పెద్దాసుపత్రి క్యాజువాలిటీకే (అత్యవసర విభాగానికే) వెళ్లాలి. 108కి చెప్పేటప్పుడు మనిషి చేతిలో కత్తిలాంటిదేమైనా ఉంటే ఆ మాటా చెప్పండి. సొంత బండిలో అయితే వెనక సీటు మధ్యలో కూర్చోబెట్టి చెరోపక్కా ఒకరుండాలి. వాడుతున్న మందుల స్ట్రిప్‌లు (ఖాళీవి కూడా), పాత చీటీలు, మింగినదాని డబ్బా వెంట ఉండాలి. బలవంతంగా వాంతి చేయించొద్దు. మనిషి మామూలుగానే కనిపిస్తున్నా ఆగొద్దు. కొన్ని మాత్రల దెబ్బ కాలేయానికి తగిలిన సంగతి ఒకటి రెండు రోజులకు గానీ బయటపడదు.

క్యాజువాలిటీలో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. ‘మెంటల్ కేసు’ అనే మాట చెవిన పడగానే ఒంటిని చూడటం మానేస్తారు. ఒక మత్తు ఇంజెక్షన్, కాసేపు నిద్ర, ఇంటికి. కానీ హఠాత్తుగా మొదలైన తికమక, ముఖ్యంగా పెద్దవయసువాళ్లలో, షుగర్ పడిపోవడం వల్లో, సోడియం తగ్గడం వల్లో, ఇన్ఫెక్షన్ వల్లో కావచ్చు. అందుకే ఇంజెక్షన్‌కు ముందే షుగర్, బీపీ, పల్స్, ఆక్సిజన్, జ్వరం చూశారా అని అడగండి. మనిషి తిరగబడుతుంటే ఇంజెక్షనే ముందవుతుంది. అప్పుడు అది పడగానే చూడమనండి.

తాగుడు సంగతి దాచకండి. రోజూ బాగా తాగేవాళ్లు ఆపేసిన రెండు మూడు రోజులకు వచ్చే వణుకు, భ్రమలు ప్రాణం తీయగలవు. తెలంగాణ పల్లెల్లో కల్తీ కల్లు మానినా ఇంతే: అందులో కలిపే అల్ప్రాజోలం, డైజిపాం అనే మత్తుమందులు ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ రావచ్చు. ఎంత తాగేవారు, చివరిసారి ఎప్పుడు అన్నది డ్యూటీ డాక్టరుకు సూటిగా చెప్పండి. పరువు తర్వాత చూసుకోవచ్చు.

మనిషిని శాంతపరచడానికి ఇచ్చే హాలోపెరిడాల్ ఇంజెక్షన్ తర్వాత మెడ వంకరపోయి, కళ్లు పైకి తిరిగితే అది జబ్బు ముదరడం కాదు, మందు వికటించడం. వెంటనే నర్సును పిలవండి. ప్రొమెథజీన్ లాంటి ఇంజెక్షన్‌తో మామూలుగా త్వరగానే సర్దుకుంటుంది. మత్తులో ఉన్నంతసేపూ పక్కకు తిప్పి పడుకోబెట్టి ఊపిరి గమనించాలి. బోర్లా అదిమిపెట్టనివ్వొద్దు, ఊపిరి ఆడదు. గొలుసులు కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పూర్తిగా నిషేధించింది.

‘సైకియాట్రిస్టు లేరు, తీసుకెళ్లిపోండి’ అంటే ఆ చట్టంలోని 94వ సెక్షన్ గుర్తుచేయండి. ప్రాణానికి ముప్పున్నప్పుడు రిజిస్టర్డ్ డాక్టరు ఎవరైనా, ఏ ఆసుపత్రిలోనైనా 72 గంటల వరకు అత్యవసర చికిత్స చేయవచ్చు. మానసిక వైద్యశాలకు తరలించడం కూడా అందులో భాగమే. ఇక ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలియజేసే నమోదు) రాస్తున్నారంటే రోగిపై కేసు పెట్టారని కాదు. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 115వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి డాక్టరు దగ్గర ‘పొరపాటున మింగాడు’ అని కథ అల్లొద్దు.

‘చనిపోవాలనిపిస్తోందా’ అని డాక్టరు రోగిని నేరుగా అడగాలి, ఇంటివాళ్లను బయటికి పంపి మరీ. ఆ మాట జరగకుండా డిశ్చార్జి కాగితం తీసుకోకండి. అందులో సైకియాట్రీ ఓపీకి రావాల్సిన తేదీ ఉండాలి. మందులు కొద్ది రోజులకే రాయించుకుని ఇంటివాళ్ల దగ్గరే పెట్టుకోండి. పురుగుమందు ఇంట్లోంచి తీసేయండి. ఈలోగా ఏ వేళైనా మాట్లాడాల్సి వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, తెలుగులోనే.