దత్తబిడ్డతో కలిసి విదేశంలోని పాత ఆశ్రమానికి వెళ్లేటప్పుడు

విదేశం నుంచి దత్తత తెచ్చుకున్న బిడ్డను, వాడు లేదా ఆమె తొలి రోజులు గడిపిన ఆశ్రమానికి ఒకసారి తీసుకువెళ్లాలన్న ఆలోచన చాలా ఇళ్లలో ముందుగా తల్లిదండ్రులకే వస్తుంది. ఆలోచన మంచిదే, కానీ ఆ ప్రయాణం ఎవరిదన్నది మొదటే తేల్చుకోవాలి. అది బిడ్డది. ఆశ్రమం గేటు దాకా వెళ్లాక బిడ్డ "నేను లోపలికి రాను" అంటే, పెట్టిన ఖర్చూ పడిన శ్రమా గుర్తుచేయకుండా వెనక్కి తిరగగలిగే మనస్సు పెద్దలకు ఉండాలి. కింద చెప్పే ఏర్పాట్లన్నీ, ఆ మాట అనే వీలు బిడ్డకు చివరి నిమిషం దాకా ఉండేలా చూడటానికే.

ఏ వయసులో వెళ్లాలన్నదానికి ఒకే జవాబు లేదు. నాలుగైదేళ్ల పిల్లలకు తమ కథ వినే ఆసక్తి ఉంటుంది గాని, "నన్ను తిరిగి ఇచ్చేయడానికే తీసుకొచ్చారేమో" అన్న భయాన్ని మాటల్లో పెట్టే శక్తి ఉండదు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలు తాము ఏ గదిలో పడుకున్నారో, పేరు ఎవరు పెట్టారో, ఎవరు ఎత్తుకున్నారో సూటిగా అడుగుతారు. తొలి ప్రయాణానికి ఆ వయసే అనువైనదని నా అభిప్రాయం. టీనేజీ పిల్లలు మరింత లోతుగా ఆలోచిస్తారు గనుక, వారు వద్దంటే ఆ మాటను వాయిదాగా భావించి ఊరుకోవాలి. ఇల్లు మారిన ఏడాది, బడి మారిన ఏడాది, ఇంట్లో ఎవరైనా పోయిన ఏడాది మాత్రం ఈ ప్రయాణం పెట్టుకోకపోవడమే మంచిది.

అనుమతి సంగతికి వస్తే, చెప్పకుండా ఆశ్రమానికి వెళ్లి తలుపు తట్టడం ఎక్కడా మంచి పద్ధతి కాదు, చాలా దేశాల్లో కుదరదు కూడా. ఒక దేశం నుంచి మరో దేశానికి జరిగే దత్తతలకు సంబంధించి 1993లో కుదిరిన హేగ్ ఒడంబడిక 30వ అధికరణం, బిడ్డ మూలాలకు సంబంధించిన సమాచారాన్ని, ముఖ్యంగా కన్నవారి వివరాలనూ వైద్య చరిత్రనూ భద్రపరచాలని, ఆ దేశ చట్టం అనుమతించిన మేరకు తగిన మార్గదర్శకత్వంతో బిడ్డకు అందుబాటులో ఉంచాలని చెబుతుంది. ఆ అందుబాటు ఎంతవరకు, ఎవరి ద్వారా అన్నది మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది. భారతదేశంలో 2022 దత్తత నిబంధనల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండినవారు రూట్ సెర్చ్ (తమ మూలాల వెతుకులాట) కోసం కేంద్ర దత్తత సంస్థ కారాకు స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. అంతకన్నా చిన్నవారైతే దత్తత తల్లిదండ్రులతో కలిసి చేసుకోవాలి. మూడో వ్యక్తి వారి తరఫున వెతకడానికి వీల్లేదు. దక్షిణ కొరియాలో 2025 జూలై నుంచి దత్తత బాధ్యతను ప్రైవేటు ఏజెన్సీల నుంచి ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుంది. చైనా 2024లో, దగ్గరి బంధువుల పిల్లలు, సవతి పిల్లల విషయంలో తప్ప, విదేశీ దత్తతలను నిలిపివేసింది. ఇథియోపియా 2018లోనే నిషేధించింది. దత్తతలు ఆగిపోయిన దేశాలతో పనిచేసిన ఏజెన్సీలు మూతపడి ఉండవచ్చు. అలాంటప్పుడు ఆ దేశపు దత్తత అధికార సంస్థకే నేరుగా, రాతపూర్వకంగా, నెలల ముందే అర్జీ పెట్టాలి. అర్జీలో బిడ్డ పాత పేరు, ఆశ్రమంలో ఉన్న కాలం, దత్తత ఉత్తర్వు ప్రతి, ఎవరెవరు వస్తున్నారు, ఫైలు చూడాలనుకుంటున్నారా అన్నవి స్పష్టంగా ఉండాలి.

పత్రాల్లో తరచూ మరిచిపోయేది బిడ్డ పాత జాతీయత. పుట్టిన దేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించకపోతే, పాత పాస్‌పోర్టు ఏమైందో, పాత పౌరసత్వం ఎప్పుడు పోయిందో వీసా దగ్గర అడగవచ్చు. దత్తత పత్రాలూ, పేరు మార్పు పత్రమూ, పాత పాస్‌పోర్టూ ఒకేచోట పెట్టుకొని, వాటి నకళ్లు వేరే సంచిలో ఉంచుకోవాలి. బిడ్డను పెంచుతున్న దేశంలో వాడి పౌరసత్వం పూర్తిగా ఖరారైందో లేదో బయలుదేరే ముందే నిర్ధారించుకోవాలి. ఇది తేలకుండా సరిహద్దు దాటితే తిరుగు ప్రయాణమే చిక్కుల్లో పడుతుంది.

ఫైలు విషయంలో నేను గట్టిగా చెప్పేది ఒకటే: బిడ్డ ముందు దాన్ని తొలిసారి తెరవకండి. వీలైతే అందులో ఏముందో ముందుగా తెప్పించుకోవాలి, లేకపోతే అక్కడ తల్లిదండ్రుల్లో ఒకరు పక్క గదిలో ముందు చదవాలి. బిడ్డ ఎక్కడ, ఏ స్థితిలో దొరికిందో, తోబుట్టువులు ఉన్నారో, తల్లి ఏ పరిస్థితిలో వదులుకుందో అందులో ఉండవచ్చు. చైనాలో బిడ్డను వదిలివేయడం నేరం గనుక కన్నవారు చీటీ కూడా పెట్టకుండా జనం తిరిగే చోట వదిలి వెళ్లిన సందర్భాలు ఎన్నో. అలాంటి ఫైళ్లలో దొరికిన చోటు తప్ప కన్నవారి ఊసే ఉండదు. రాసినదంతా నిజమని నమ్మడానికీ లేదు. గతంలో జరిగిన హక్కుల ఉల్లంఘనలను విచారించిన దక్షిణ కొరియా సత్య, సయోధ్య కమిషన్ 2025 మార్చిలో, విదేశాలకు పంపిన పిల్లల్లో కొందరిని అనాథలుగా చూపుతూ తప్పుడు రికార్డులు సృష్టించారని నిర్ధారించింది. అందువల్ల బిడ్డకు చెప్పేటప్పుడు "ఇలా జరిగింది" అనకుండా "కాగితంలో ఇలా రాసి ఉంది" అనడం అలవాటు చేసుకోవాలి. అయితే ముందు చదవడం దాచడానికి కాదు. ఎలా చెప్పాలో ఆలోచించుకునే వ్యవధి కోసం. ఆ సమాచారం బిడ్డదే, వయసుకు తగిన మాటల్లో వాడికి అందాల్సిందే.

పిల్లలను అన్నిటికన్నా ఎక్కువగా బాధించేది మళ్లీ వదిలేస్తారన్న భయం. వాళ్లు అడగకపోయినా దాన్ని మనమే ఎత్తి చెప్పాలి: "మనం ముగ్గురం వెళ్తున్నాం, ముగ్గురం తిరిగి వస్తాం." తిరుగు టికెట్టు బిడ్డ చేతికిచ్చి, అందులో తన పేరు తానే చదువుకోనివ్వండి. ఇంటికి వచ్చాక చేయబోయే పని ఒకటి, స్నేహితుడి పుట్టినరోజో బడి ఆటల పోటీయో, ముందే అనుకొని ఉంచండి. ఆశ్రమంలో ఎవరైనా ప్రేమతోనే "కాసేపు మా దగ్గర వదలండి" అన్నా, బిడ్డ కంటికి ఆనేంత దూరంలోనే ఉండండి. వెళ్లిపోదామని చెప్పడానికి మీకూ బిడ్డకూ మాత్రమే తెలిసిన ఒక సైగ పెట్టుకోండి. ఆ సైగ అందగానే కారణం అడగకుండా లేవాలి.

దుబాసీని కుదుర్చుకునేటప్పుడు భాష ఎంత వచ్చో చూసినంత శ్రద్ధగా మనిషి తీరూ చూడాలి. ముందురోజే కూర్చోబెట్టి, "ఎంత అదృష్టవంతురాలివి" వంటి మాటలు ఎవరన్నా వాటిని బిడ్డ చెవిన వేయవద్దని, కన్నవారి గురించి కొత్త సంగతి ఏదైనా బయటపడితే ముందు మీకు మెల్లగా చెప్పమని కోరాలి. అదృష్టం మాట వింటే బిడ్డకు తన దుఃఖాన్ని బయటపెట్టుకునే హక్కు లేనట్టు అనిపిస్తుంది. ఆశ్రమం ఉద్యోగినే దుబాసీగా పెట్టుకుంటే ఆ వ్యక్తి సంస్థ పక్షాన మాట్లాడక తప్పదు. బయటి మనిషైతే మేలు.

దేశంలో దిగిన మర్నాడే ఆశ్రమానికి పరుగెత్తకండి. రెండు మూడు రోజులు ఆ ఊరి వీధులు, బస్సులు, భాష బిడ్డ చెవికీ కంటికీ అలవాటు కానివ్వండి. తనలాంటి ముఖాలే చుట్టూ ఉండటం చాలామంది పిల్లలకు అదే మొదటిసారి. దానికే కొంత సమయం కావాలి. ఆశ్రమంలో రెండు గంటలు చాలు, పొద్దుటిపూట వెళ్తే మంచిది. లోపల పెద్ద కార్యక్రమాలూ ప్రసంగాలూ సన్మానాలూ వద్దని ముందే సవినయంగా చెప్పాలి. అప్పట్లో బిడ్డను చూసుకున్న ఆయా ఇంకా ఉందా, పదవీ విరమణ చేస్తే రాగలదా అని ముందుగా అడగండి. భవనం కన్నా ఆ మనిషే ముఖ్యం. అలాంటి ఆయా బిడ్డ చొక్కా చెయ్యి పైకి తోసి, భుజం మీది బీసీజీ మచ్చను వేలితో తడిమి, టీకా వేసిన రోజు ఎంత ఏడ్చిందో చెప్పిందనుకోండి, ఏ ఫైలులోనూ లేని ఒక్క రోజు బిడ్డకు దక్కినట్టే. ఆమెకు ఇవ్వడానికి ఉత్తమమైన కానుక, బిడ్డ ఏటేటా పెరిగిన ఫొటోలున్న ఆల్బం. పంపిన పిల్లలు ఏమయ్యారో ఆయాలకు తెలిసేది అరుదు.

ఆ సమయంలో బిడ్డ ఏడవకపోవచ్చు. నవ్వవచ్చు, విసుగ్గా ఫోను చూసుకోవచ్చు, ఉయ్యాల ఊగుతూ ఉండిపోవచ్చు. "ఏమనిపిస్తోంది?" అని అడగకండి, కెమెరా ముఖం ముందు పెట్టకండి.

అక్కడ ఇప్పుడున్న పిల్లల మాట మరవకూడదు. కొందరు మిమ్మల్ని చూసి తమను తీసుకువెళ్లడానికి వచ్చారనుకుంటారు. ఎందుకు వచ్చారో సిబ్బంది ముందే వారికి చెప్పేలా చూడాలి. వారి ఫొటోలు తీయవద్దు, ఇంటర్నెట్‌లో పెట్టవద్దు. విడివిడిగా బహుమతులు పంచకుండా, ఏం కావాలో అడిగి అందరికీ కలిపి సంస్థకు రసీదు తీసుకొని ఇవ్వండి. ఇచ్చే కార్యక్రమాన్ని బిడ్డ ఎదుట పెట్టకపోతే, తనకు బదులుగా డబ్బు చెల్లించారన్న ఊహ వాడికి రాదు. "నేను వెళ్లాను, వాళ్లెందుకు ఉండిపోయారు?" అని బిడ్డ అడిగితే, అది న్యాయం కాదని, అందులో తన తప్పేమీ లేదని చెప్పండి.

ఆశ్రమం కూల్చివేసి ఉండవచ్చు, మరోచోటికి మారి ఉండవచ్చు, బడిగానో ఆసుపత్రిగానో మారి ఉండవచ్చు. బయలుదేరే ముందే కనుక్కుంటే, ఆ స్థలం, ఆ వీధి చూసి రావడం కూడా ప్రయాణంగా సరిపోతుందో లేదో బిడ్డే నిర్ణయించుకుంటుంది.

కన్నవారిని వెతకడం వేరే పని. దాన్ని ఈ ప్రయాణంతో ముడిపెట్టవద్దు. డీఎన్‌ఏ పరీక్షలు, స్థానిక ప్రకటనలు మొదలుపెడితే జవాబు ఎప్పుడు, ఏ రూపంలో వస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. బిడ్డ కోరి, అంగీకరించాక, సలహాదారు తోడుతో విడిగా చేయాలి.

తిరిగి వచ్చాక కొన్ని వారాలు నిద్ర చెదరడం, చీటికిమాటికి కోపం, చిన్నపిల్లలా అంటిపెట్టుకోవడం సహజం. బడిలో టీచరుకు బిడ్డ అనుమతితో క్లుప్తంగా చెప్పి ఉంచండి. కుటుంబ వృక్షం గీయమనే పాఠం ఆ వారాల్లో రాకుండా కోరవచ్చు. దత్తత కుటుంబాలతో పనిచేసిన సలహాదారు దగ్గర తిరిగి వచ్చిన వారానికి సమయం ముందే తీసుకొని ఉంచుకోండి. ఫొటోలు, ఫైలు నకళ్లు, ఆయా చెప్పిన మాటలు రాసిన పుస్తకం బిడ్డకు అందే అరలో పెట్టండి. వాటిని బంధువులకు చూపించాలా వద్దా అన్నది వాడినే అడిగి తెలుసుకోండి.